మారు వడ్డన

అమ్మకి డెబ్బై నాలుగు నిండిన రోజున హైదరాబాద్‌లో ఓ బఫే హోటల్‌కి తీసుకెళ్లాను. మనిషికి 799 రూపాయలు, ఎంత తిన్నా అంతే. పెళ్లిళ్లలో ప్లేటు పట్టుకుని నిలబడటం మాకు కొత్త కాదు గాని, డబ్బు కట్టి అలాంటి చోటికి వెళ్లడం ఇద్దరికీ అదే మొదలు. గోడ పొడవునా వరసగా పెట్టిన పాత్రల్ని చూసి అమ్మ మొహం విచ్చుకుంది. పదినిమిషాలు కూడా ఆ సంబరం నిలవలేదు.

ముందు పూరీ సంగతి చెప్పాలి. మూత ఎత్తగానే దాని లోపల పట్టిన నీటిబొట్లు జారి పూరీల మీద పడ్డాయి. పాత్ర అడుగున ఇంకో పళ్లెంలో నీళ్లు, ఆ నీళ్ల కింద చిన్న మంట. కూరకీ సాంబారుకీ అది మంచి ఏర్పాటే. వండిన పదార్థం వేడి 60 డిగ్రీల కిందికి దిగితే సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది కాబట్టి ఆ సెగ ఉండాల్సిందే. పూరీకీ గారెకీ మాత్రం ఆ ఆవిరే గిట్టదు. నూనెలో పైపొర తడి ఆరిపోబట్టే అవి కరకరలాడతాయి. మూత కింద ఆ తడి మళ్లీ పట్టేస్తుంది. నా వేళ్ల మధ్య పూరీ తడిగుడ్డలా వేలాడింది. పిండి కలిపినవాళ్ల తప్పేమీ లేదు. మూకుట్లోంచి తీసినదాన్ని తీసినట్టే తెచ్చి వేసే మనిషి లేడు, అంతే.

మా నాన్నకి వంట రాదు. కానీ తెనాలి దగ్గర మా ఊళ్లో ఏ పెళ్లయినా వడ్డనకి ఆయన్ని పిలవాల్సిందే. తుండుగుడ్డ నడుముకి బిగించి, పులుసు గోకర్ణం పట్టుకుని పంక్తి వెంట వంగి నడిచేవాడు. ఆకు కొస తినేవాళ్లకి ఎడమవైపు ఉందా లేదా అని మొదట చూసేవాడు. ఒకళ్లు ఇంకా పప్పన్నంలో ఉండగానే చారు వచ్చేసిందంటే ఆయన దృష్టిలో ఆ వడ్డన చెడిపోయినట్టే. అన్నిటికన్నా కష్టం మారు వడ్డన. వద్దంటూ ఆకు మీద చెయ్యి అడ్డం పెడతారు. అది నిజంగా చాలనడమా, మొహమాటమా? వేళ్లు దగ్గరగా బిగించి ఆకు మీద ఆనిస్తే చాలన్నట్టు, వేళ్ల మధ్య సందుంటే ఇంకో గరిటె పడాలన్నట్టు. అదీ ఆయన లెక్క. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదనే సామెతని మనం పక్షపాతం గురించి వాడతాం. నాన్న మాత్రం కడబంతిలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తానే ఆ మనవాణ్ని కావాలనుకునేవాడు.

ఎవరికి వారు వడ్డించుకునే పద్ధతిని నేను తప్పుపట్టను. స్వీడన్‌లో స్మోర్గాస్‌బోర్డ్ బల్ల దగ్గర అలాగే తింటారు. కానీ వరస తప్పరు. ముందు హెర్రింగ్ చేప, తరవాత మిగతా చల్లటి చేపలు, ఆ తరవాత చల్లటి మాంసం, చివరికి వేడి వంటకాలు. విడతకో కొత్త ప్లేటు. ఆ బల్లని చూసే టోక్యోలో ఇంపీరియల్ హోటల్ 1958లో ‘వైకింగ్’ పేరుతో బఫే పెట్టింది. జపాన్‌లో బఫేని ఇవాళ్టికీ ఆ పేరుతోనే పిలుస్తారు. మేం వెళ్లిన చోట వరసన్నదే లేదు. గోంగూర పక్కన పాస్తా, దాని పక్కన గులాబ్‌జామూన్, అన్నీ ఒకే ప్లేట్లోకి.

అమ్మ ఎడమ మణికట్టు రెండేళ్ల కిందట విరిగి అతికింది. ఆ చేత్తో ప్లేటు పట్టుకుని కుడిచేత్తో గరిటె ఎత్తుతుంటే ప్లేటు వణకడం చూశాను. నేను అటు వెళ్లేలోపే కాస్త పెరుగన్నం పెట్టుకుని వచ్చి కూర్చుంది.

“ఇంతేనా అమ్మా?”

“చాల్లేరా. మాటిమాటికీ లేచి ఎక్కడ తిరగను?”

ఖాళీ ప్లేట్లు తీస్తున్న కుర్రాణ్ని పిలిచి, “బాబూ, కాస్త చారు పోస్తావా?” అని అడిగింది. “సెల్ఫ్ సర్వీసమ్మా” అని అతను చెయ్యి చూపించాడు. అతన్నేమీ అనలేం, ప్లేట్లు తియ్యడమే అతనికి అప్పజెప్పిన పని. నేనే వెళ్లి గిన్నెలో చారు పట్టుకొచ్చేసరికి అమ్మ పెరుగన్నం తినడం అయిపోయింది. పెరుగు తిన్నాక చారేమిటని గిన్నెని మెల్లిగా పక్కకి జరిపింది. పుట్టినరోజు పూట అమ్మకి అడిగిన చారు వేళకి పోయించలేకపోయానన్న బాధ ఇంకా పోలేదు.

తరవాతి ఆదివారం మోండా మార్కెట్ నుంచి అరిటాకులు తెచ్చాను. అమ్మని కూర్చోబెట్టి నేనే వడ్డించాను. రెండోసారి పప్పు తీసుకెళితే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆగిపోయాను.

“మీ నాన్నయితే వేసేవారురా,” అంది.

అప్పుడు చూశాను ఆ వేళ్లని. గరిటెతో మళ్లీ వంగాను.