మేరీ ఉద్యోగం మాటేమిటి?

పంచాంగంలో లేని పండగలు ఈమధ్య మనకు చాలా వచ్చాయి. 2023లో ఎన్.టి. రామారావు శతజయంతి, 2024లో అక్కినేని శతజయంతి. ఆ ఇద్దరూ, సావిత్రీ, జమునా, ఎస్వీ రంగారావూ కలిసి నటించిన ‘మిస్సమ్మ’కు 2025 జనవరి 12తో 70 ఏళ్ళు నిండాయి. ఇలాంటప్పుడు వచ్చే వ్యాసాలన్నీ ఒకే మూసలో ఉంటాయి. మార్కస్ బార్ట్లే వెన్నెల, రాజేశ్వరరావు బాణీలు, పింగళి చమత్కారాలు, చివర్లో ‘ఆ రోజులే వేరు’ అని ఓ నిట్టూర్పు. వెన్నెల బాగుంటుంది, కాదనను. భానుమతికీ చక్రపాణికీ పొసగకపోవడంతో, సీత వేషానికి తీసుకున్న సావిత్రికి మేరీ పాత్ర వచ్చిందన్న కథ ఎన్నిసార్లు విన్నా విసుగు పుట్టదు. కానీ ఈ హడావిడిలో మేరీ ఉద్యోగం ఊసు ఎవరూ ఎత్తరేం?

కథ మీకు తెలిసిందే. మేరీ బి.ఏ. చదివింది. ఇంటిమీద అప్పుంది. అప్పిచ్చిన డేవిడ్ వడ్డీతో సరిపెట్టుకునే రకం కాదు, పిల్లనే చేసుకుంటానంటాడు. రమణారెడ్డి ఆ వేషంలో మెలికలు తిరుగుతుంటే మనం హాయిగా నవ్వేస్తాం గానీ, ఆలోచిస్తే అది నవ్వే విషయమేనా? అప్పు కింద ఆడపిల్లని జమకట్టుకోవడం! (అదే ఏడు సావిత్రి ‘కన్యాశుల్కం’లో మధురవాణి కూడా వేసింది.) అందులోంచి బయటపడాలంటే మేరీకి జీతం కావాలి. అప్పాపురం బడిలో ఖాళీలున్నాయి గానీ భార్యాభర్తలకే ఇస్తారట. ఇవాళ హైదరాబాదులో ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న టు-లెట్ బోర్డు ముందు నిలబడ్డ ఉద్యోగపు పిల్లకి ఆ నిబంధన పాతదనిపించదు.

సావిత్రి కోపాన్ని అందరూ ‘చిలిపి కోపం’ అని మెచ్చుకుంటారు. నాకది చిలిపిగా అనిపించదు. ఈ దొంగ కాపరం రావుకి సరదా. బండారం బయటపడితే అతనికి పోయేది ఉద్యోగం. ఆవిడకి ఉద్యోగంతోపాటు పరువూ పోతుంది. అందుకే అతను నవ్వినప్పుడల్లా ఆవిడ ముఖం అలా బిగుసుకుంటుంది. కథానాయిక కష్టంలో ఉందంటే కళ్ళనీళ్ళు పెట్టుకోవాలనే రోజుల్లో, సావిత్రి కళ్ళెర్రజేసింది. ఇంత కోపిష్టి పిల్లని ప్రేక్షకులు ప్రేమించేలా చేయడం మాటలు కాదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఇంత ధైర్యంగా మొదలెట్టిన సినిమా చివర్లో తప్పించుకుంది. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు గారి పెద్దకూతురు మహాలక్ష్మే ఈ మేరీ అని డిటెక్టివ్ రాజు పుట్టుమచ్చ ఆధారంగా తేలుస్తాడు. దాంతో మతం చిక్కు తీరింది, అప్పు చిక్కు తీరింది, అబద్ధపు మొగుడు నిజం మొగుడయ్యాడు. అన్నీ పుట్టుకే చక్కబెట్టింది. చదువూ జీతమూ చక్కబెట్టిందేమీ లేదు. నవలలు రాసేదాన్ని కనుక ముగింపు దగ్గర పుట్టుమచ్చల కోసం వెతుక్కునే అవస్థ నాకు తెలియంది కాదు లెండి. అయినా ఒక విచిత్రం చూడండి. వేరు వేరు మతాలవాళ్ళు మతం మార్చుకోకుండానే పెళ్ళాడవచ్చునన్న ప్రత్యేక వివాహ చట్టం అమల్లోకి వచ్చింది 1955 జనవరి 1న. ‘మిస్సమ్మ’ విడుదలకు సరిగ్గా 11 రోజుల ముందు! చట్టం ఒప్పుకున్నదాన్ని చక్రపాణి గారి కథ ఒప్పుకోలేకపోయింది. 1957లో మీనాకుమారితో హిందీలో ‘మిస్ మేరీ’ తీసినప్పుడూ అదే ముగింపు.

పాటలు మళ్ళీ వినండి, వెన్నెల మళ్ళీ చూడండి. కానీ మేరీ మహాలక్ష్మి అయిన మర్నాడు గంట కొట్టాక ఆ బడిలో పిల్లల హాజరు ఎవరు పిలిచారు? ఆవిడే వెళ్ళిందా, లేక జమీందారు గారి అమ్మాయికి ఉద్యోగమేమిటని అమ్మా నాన్నా వద్దన్నారా? ఆ బి.ఏ. పట్టా ఏ ట్రంకుపెట్టె అడుగుకి చేరింది?