ద్వారం వారి వయొలిన్: రికార్డు చెప్పేది, చెప్పలేనిది

మంచి వయసులో ఉండగా ఎదురుగా కూర్చుని వినవలసిన విద్వాంసులు ఎవరని అడిగితే, నేను మొదట చెప్పే పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు గారిది (1893–1964). 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరిన ఆయన 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. గాత్రానికి పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌తో ఒంటరిగా కచేరీ నడిపి, దానికి ప్రధాన వాద్యం స్థాయి తెచ్చారు. 1941లో సంగీత కళానిధి బిరుదు పొందారు.

ఆయన గ్రామఫోను రికార్డులు నేటికీ వినవచ్చు. అయితే ఆనాటి 78 ఆర్.పి.ఎం. రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పలికేది. కచేరీలో ఒక్క రాగాలాపనకే అంతకు ఎన్నో రెట్ల సమయం పడుతుంది. కాబట్టి రికార్డులోని క్లుప్తతను ఆయన శైలిగా భావించరాదు. అది పరికరం విధించిన హద్దు.

ఆ హద్దులోనూ కమాను తెంపు తెలియనీయని నాదం, గాత్రాన్ని తలపించే గమకం మనకు వినిపిస్తాయి. సభను చూసి రాగాన్ని ఎంత పెంచేవారో, ఎక్కడ ఆగేవారో మాత్రం వినిపించదు. విన్నదాన్నీ ఊహించినదాన్నీ కలిపేస్తే అది పొగడ్త అవుతుంది, విమర్శ కాదు.

అభ్యాసం: ఆయన రికార్డు ఒకటి విని, మీరు విన్నవి ఒక వరుసలో, ఊహించినవి మరొక వరుసలో రాయండి.