‘రౌద్రం రణం రుధిరం’ చిత్రము – విమర్శకుల తీర్పులు

రాజమౌళి దర్శకత్వమున 2022 వ సంవత్సరము మార్చి 25 వ తేదీన వెలువడిన ‘రౌద్రం రణం రుధిరం’ అను చలనచిత్రమునకు విదేశములలో లభించినంత కీర్తి తెలుగు చిత్రములలో మఱి దేనికిని లభింపలేదు. ఆ యేట డిసెంబరులో న్యూయార్కు చలనచిత్ర విమర్శకుల మండలి రాజమౌళిని ఉత్తమ దర్శకునిగా ఎన్నుకొనెను. 2023 మార్చిలో అందలి ‘నాటు నాటు’ పాట ఆస్కారు బహుమానమును పొందెను. అయినను ఆ చిత్రమును గూర్చిన వాదము తీరలేదు. ఆ వాదమును ఖమ్మము, భద్రాచలముల అరణ్యసీమనుండి పరికించినచో, తీర్పులను సరితూచుటకు తగిన తూనిక దొరకును.

విమర్శకులు మూడు తెగలుగా చీలిరి. మొదటివారు చరిత్రపక్షమువారు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి ఆయుధములు గైకొనెను. 1924 మే నెలలో హతుడయ్యెను. కొమరం భీము నిజాము అధికారుల నెదిర్చి 1940లో జోడేఘాటు కొండలలో నేలకొరగెను. వీరిరువురు కలిసికొన్నట్లు చరిత్రలో లేదు. కావున ఢిల్లీలో వారికి మైత్రి కూర్చుట అసత్యమని వీరి ఆక్షేపణము. రెండవవారు, ముఖ్యముగా పాశ్చాత్యులు, చరిత్రతో పనిలేక చిత్రగమనమును, అద్భుతరసమును మెచ్చిరి. మూడవవారు ఆదివాసుల హక్కులను పాటించువారు. చిత్రమున రాముడు గురువుగను, భీముడు అమాయక శిష్యుడుగను చూపబడిరని వీరు నిందించిరి.

మొదటివారి ఆక్షేపణమునకు మన అలంకారశాస్త్రమే సమాధానము చెప్పగలదు. దశరూపకకర్త ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని విభజించెను. ఈ కథ మిశ్రజాతికి చెందినది. ఇది కల్పితమని దర్శకుడును 2019లోనే ప్రకటించెను. నాయకునకు గాని రసమునకు గాని తగనిదానిని విడుచుటకును మార్చుటకును కవికి అధికారము కలదని ధనంజయుని మతము. కావున కల్పించెనా లేదా అనునది ప్రశ్న కాదు. ఏమి విడిచెను, ఏమి మార్చెను అనునదే ప్రశ్న.

చిత్రాంతదృశ్యమున దీనికి ఉత్తరము కలదు. ఏమి కావలెనని రాముడు అడుగగా, తనవారికి చదువు కావలెనని భీముడు కోరును. రాముడు ధ్వజముపై ‘జల్, జంగల్, జమీన్’ అని వ్రాయును. నీరు, అడవి, నేల అను అర్థముగల ఈ మూడు మాటలను జనులు భీముని పేరనే తలచుకొందురు. చిత్రములో అవి పరుని చేతివ్రాతలైనవి. ఇచట విడువబడినది నాయకునకు తగనిది కాదు, ఆయన నాయకత్వమే. ఈ యంశమున మూడవవారి తీర్పు శాస్త్రసమ్మతము.

ఆ తీర్పును బట్టి, చదువు కోరుటయే అడవివారికి కొఱత యని ఎవరైనను తలంచినచో అది పొరపాటు. భీముని మరణానంతరము గోండుల స్థితిని విచారించుటకు నిజాము ప్రభుత్వము హైమెండార్ఫు పండితుని నియోగించెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము ఏర్పడెను; గోండీ భాషలో వాచకములు సిద్ధమయ్యెను. ఏర్పాటు చేసినవాడు పరదేశియే, బోధించినవారు గోండులు. తమ భాషలో, తమవారి నోట అక్షరములు వినుట అచటి పిల్లలకు లభించెను. చిత్రములోని కోరికకును దీనికిని గల భేదము దానమునకును హక్కునకును గల భేదము.

భద్రాచల ప్రాంతపు చరిత్రయు దీనినే బోధించును. 1874లో మధ్యపరగణాలనుండి మదరాసు రాజధానికి మార్చబడిన రేకపల్లె సీమలో పోడు సేద్యముపై నిర్బంధములు హెచ్చెను. 1879లో రంపలో పుట్టిన తిరుగుబాటు అచటికి వ్యాపించినపుడు, తమ కష్టమేదో ఆ కొండవారికి తెలుపుటకు బయటి గురువు అవసరము కాలేదు. సీతారామరాజు సైతము గాము గంటందొర, మల్లుదొరల వంటి స్థానికుల అండతోనే పోరు సాగించెను. భద్రాచల రాముని తొలుత కనుగొని, పందిరి వేసి, పండ్లు నివేదించినది పోకల దమ్మక్క యను అడవిబిడ్డ యని ఐతిహ్యము. రాముని చేతినుండి అడవివారు పొందుటయే గాక, రామునకు అడవివారు ఇచ్చుటయు ఈ సీమవారు ఎఱిగిన సంబంధమే. విల్లు దాల్చిన రాముని చెంత భీముని అనుచరునివలె నిలిపిన చిత్రము ఈ రెండవ పార్శ్వమును మఱచినది.

బడిపంతుళ్లకు మఱింత సన్నిహితమైన సంగతి యొకటి కలదు. 2000 వ సంవత్సరము జనవరి 10 వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 3 వ నంబరు ఉత్తరువు వెలువరించి, షెడ్యూల్డు ప్రాంతములలోని పాఠశాలలందు ఉపాధ్యాయోద్యోగములన్నియు స్థానిక షెడ్యూల్డు తెగలవారికే కేటాయించెను. భద్రాచల ప్రాంతమును దాని పరిధిలోనిదే. నూటికి నూఱుపాళ్లు కేటాయింపు రాజ్యాంగవిరుద్ధమని 2020 ఏప్రిల్ 22 వ తేదీన సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. అప్పటికి జరిగిన నియామకములను మాత్రము షరతులతో నిలిపెను. ఆ తీర్పు న్యాయశాస్త్రరీత్యా చర్చనీయము. అడవిబడిలో బోధించువాడు ఎవడు కావలెనను ప్రశ్న మాత్రము భీముని నాటితో ముగియలేదు. ఆ తీర్పు వచ్చిన రెండేండ్లకు వెలువడిన చిత్రమున చదువు కోరిక వినబడెను. గురువు ఎవరను ప్రశ్న వినబడలేదు.

కావున కల్పన యను కారణమున ఈ చిత్రమును త్రోసివేయుట తగదు. రసపుష్టి యను కారణమున దోషమును కప్పిపుచ్చుటయు తగదు. మైత్రిని కల్పించుట కవిస్వాతంత్ర్యము. ఒకని మాటను వేఱొకని చేత వ్రాయించి, హక్కును వరముగా మార్చుట అనౌచిత్యము. అడవివీరుల కథను ఇకముందు తెరకెక్కించువారు ఆ మూడు మాటలను భీముని చేతనే వ్రాయించినచో, వీరరసమునకు లోపమేమియు కలుగదు. నాయకునకు న్యాయము జరుగును.