చెట్ల నీడన క్రిస్మస్ ఫెర్న్

డిసెంబరు వచ్చేసరికి అమెరికా తూర్పు రాష్ట్రాల అడవుల్లో ఓక్, మేపుల్ చెట్లు మోడువారిపోతాయి. వాటి కింద, రాలిన ఆకుల మధ్య, ముదురాకుపచ్చగా మిగిలే మొక్కల్లో క్రిస్మస్ ఫెర్న్ ఒకటి. పండుగ రోజుల్లో దీని ఆకులు కోసి ఇళ్లు అలంకరించుకునేవారు, పేరు అలా వచ్చిందంటారు. కెనడాలోని నోవా స్కోషియా నుంచి ఫ్లోరిడా దాకా, పడమట టెక్సాస్ వరకు ఇది అక్కడి సొంత మొక్కే.

ఒక ఆకు పట్టుకుని చూడండి. ఈనెకు రెండు పక్కలా ఉన్న చిట్టి ఆకుల్లో ప్రతిదానికీ మొదలు దగ్గర చెవిలాంటి మొన ఒకటి ఉంటుంది. క్రిస్మస్‌కు వేలాడదీసే మేజోడులా ఉందని అక్కడ పిల్లలకు చూపిస్తారు. కొన్ని ఆకుల్లో కొసకు వచ్చేసరికి ఈ చిట్టి ఆకులు ఉన్నట్టుండి సన్నబడతాయి. తిరగేస్తే అడుగంతా గోధుమరంగు. ఆ రంగు సిద్ధబీజాల తిత్తులది. సిద్ధబీజాలు రాలాక కొస ఎండిపోతుంది. తెగులనుకుని మందు కొట్టకండి.

న్యూజెర్సీలోనో నార్త్ కరోలినాలోనో ఉంటున్న మనవాళ్లు ఎండ తగిలేచోట గోంగూర, బెండ వేసుకుంటారు. ఇంటికి ఉత్తరాన, పెద్ద చెట్ల కింద పచ్చిక బతకని చోటును మాత్రం వదిలేస్తారు. ఈ ఫెర్న్‌కు కావలసింది సరిగ్గా ఆ జాగానే. రాళ్లున్నా, కాస్త ఏటవాలుగా ఉన్నా సర్దుకుంటుంది. నీరు నిలిచే బంకమట్టిని మాత్రం ఓర్చుకోదు. ఆకులన్నీ పుట్టుకొచ్చే మొదలును మట్టిలో లోతుగా కప్పేస్తే కుళ్లిపోతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు మొదలు నేలకు పైనే ఉండేలా, కొంచెం వాలుగా నాటుతారు. వాన నీరు దాని నడుమ నిలవకుండా జారిపోతుంది. మొదటి ఏడాది, వేళ్లు పట్టేదాకా, నీళ్లు పోయాలి, తరవాత గట్టి ఎండాకాలంలో తప్ప అక్కర్లేదు. నా లెక్కలో ఈ మొక్క చచ్చేది నిర్లక్ష్యం వల్ల కాదు, అతి సేవ వల్ల.

ఎరువంటారా, చెట్టు రాల్చిన ఆకులే చాలు. వాటిని ఊడ్చి సంచుల్లో కట్టి వీధిలో పెట్టి, మళ్లీ డబ్బిచ్చి కంపోస్టు కొనడం నాకెప్పుడూ అర్థం కాదు. చలికాలంలో ఫెర్న్ ఆకులు నేలకు ఆనుకుని పడుకుంటాయి, రాలిన ఆకులు వాటికింద చిక్కి కదలవు. ఏటవాలులో మట్టి కొట్టుకుపోకుండా ఆగేది ఇందువల్లే. వసంతంలో నడుమ నుంచి వెండిరంగు పొలుసులు కప్పుకున్న కొత్తాకుల చుట్టలు లేచి విచ్చుకుంటాయి. పాతాకులు కత్తిరించాలనుకుంటే అవి లేవకముందే కత్తిరించాలి. జింకలు సాధారణంగా దీని జోలికి రావు. జింకలు తోటల్లో పడి మేసే ఆ ఊళ్లలో మొక్కలు పెంచేవాళ్లకు ఇది చిన్న సంగతేం కాదు.

సొంత గడ్డ మొక్కలతో అడవిలాంటి తోట పెంచే పద్ధతి అక్కడ కొత్తది కాదు. మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో విల్ కర్టిస్ అనే ఆయన 1931లో మొదలుపెట్టిన 'గార్డెన్ ఇన్ ది వుడ్స్' ఇప్పటికీ ఉంది. అలాంటి తోటకు ఈ ఫెర్న్ నప్పుతుంది, పాకుతూ చోటు ఆక్రమించదు. ఉన్నచోటే గుబురు కడుతుంది, బాగా ముదిరాక వసంతంలో మొదలు చీల్చి వేరేచోట నాటుకోవచ్చు. సిద్ధబీజాల నుంచి పెంచాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని అడవిలోంచి పెళ్లగించి తేవడం తేలికనిపిస్తుంది, కానీ ఆ పని చేయొద్దు. నర్సరీలో కొనేముందు మొక్క అక్కడే పెరిగిందా, అడవి నుంచి తెచ్చిందా అని అడగండి.