గఢ్వాల్ కొండలలోని నీటి తిరుగళ్ళు

ఉత్తరాఖండమునందలి గఢ్వాల్, కుమావూ ప్రాంతములలో, సెలయేళ్ళ ఒడ్డున, రాతిగోడలతో, పలకరాళ్ళ కప్పుతో, తల వంచినగాని ప్రవేశింపరాని చిన్న గుడిసెలు కానవచ్చును. అచటివారు ఘరాట్ అని పిలుచు నీటి తిరుగళ్ళివియే.

బొమ్మలలో మనము చూచు నిలువు చక్రము వీనికి లేదు. ఏటి నీటిని గూల్ అను సన్నని కాలువ వెంట కొండవాలున నడిపించి, ఏటవాలుగా నిలిపిన తొలిచిన మ్రానుదోనెలోనికి విడువగా, పైన వెడల్పై క్రింద ఇరుకైన ఆ దోనెలో వేగము పుంజుకొన్న ధార, నేలకు సమాంతరముగా అమర్చిన చక్రపు కొయ్య ఱెక్కలను మొత్తును. చక్రమునుండి లేచిన ఇరుసు, గుడిసె నేలను, కదలని క్రింది రాతి నడిమి రంధ్రమును దాటి, పై రాతిని పట్టి త్రిప్పును. చక్రమునకును రాతికిని ఇరుసొక్కటే యగుటచే పండ్లచక్రములతో పనిలేదు. ఊరి వడ్రంగియే దీనిని చేయగలడు, చెడినచో బాగుచేయగలడు.

అన్నిటికంటె నాకు ముచ్చట గొలుపునది గింజల బుట్టక్రింద వ్రేలాడు కొయ్యముక్క. అది తిరుగు రాతిపై ఎగిరెగిరి పడుచు, బుట్టనోటిని కదపి గింజలు రాల్చును. నీరు హెచ్చి రాయి వడిగా తిరిగినచో గింజలును హెచ్చుగా రాలును. రాయి నిలిచినచో అవియు నిలుచును. స్వయంనియంత్రణమనగానే విద్యుద్యంత్రములను తలచుకొను మనవంటి వారు ఈ కొయ్యముక్కను ఒకింత తడవు చూడవలెను.

రాయి నిదానముగా తిరుగుటచే పిండి వేడెక్కదు. గోధుమలే గాక, మనము రాగులనియు, చోళ్ళనియు, తైదలనియు చెప్పుకొను మడువాయును అచట విసరుదురు. కూలిగా పిండిలో కొంత భాగమును తిరుగలివాడు తీసికొనును. డీజిలు, విద్యుత్తు మరలు దారిప్రక్కకు వచ్చుటతోను, యువకులు మైదానములకు వలస పోవుటతోను పెక్కు ఘరాట్లు మూతపడినవి. డాక్టర్ అనిల్ ప్రకాశ్ జోషి (2006లో పద్మశ్రీ, 2020లో పద్మభూషణ్ పొందినవారు) స్థాపించిన హెస్కో సంస్థ, కొయ్య ఱెక్కలకు బదులు లోహపు చక్రమును, బేరింగులను అమర్చి విసరుడును పెంచి, అదే నీటితో విద్యుత్తును గూడ తీయవచ్చునని చూపినది.

ఇప్పుడు పర్యాటకులకై వీనిని పునరుద్ధరింపవలెనను మాట వినబడుచున్నది. మంచిదే, కాని 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమున చేరియుండిన ఔరంగాబాదులోని పన్‌చక్కీని చూడుడు. యాత్రికులకు పిండి విసరుటకై వెలసిన ఆ తిరుగలి నేడు ముఖ్యముగా చూపరుల వస్తువు. ఘరాటునకు రంగులు పూసి, సిమెంటు అరుగు కట్టి, ఛాయాచిత్రములకై త్రిప్పి చూపినంతనే పునరుద్ధరణ కాజాలదు. ముందు ఊరివారి గింజలు అందు పడవలెను. ఊరి ఇంట బసచేసిన అతిథి తాను తినబోవు రొట్టె పిండిని అందే విసరించుకొనవలెను. కొనిపోదలచినచో తగిన వెల నిచ్చి కొనిపోవలెను.

ఆ రాబడిలో కొంత ముందుగా గూల్‌కు చేరుట యుక్తము. వానలు వెలసిన పిమ్మట పూడిక తీయుట, గండ్లు పూడ్చుట, అరిగిన రాళ్ళకు కక్కు కొట్టించుట, ఇవి ప్రారంభోత్సవపు పూలదండలతో తీరు పనులు కావు, ఏటేట కూలి నడుగు పనులు.