మునిగిన ఊళ్ళ చిలుములు

1692 జూన్ 7న జమైకాలోని పోర్ట్ రాయల్ రేవు భూకంపానికి కుంగి, ఊళ్ళో చాలా భాగం సముద్రం పాలైంది. అక్కడ నీటి అడుగున తవ్వినవాళ్ళకు తెల్లమట్టి పొగాకు గొట్టాలు వేలల్లో దొరికాయి. చవక సరుకు, ఇట్టే విరిగేది, అక్కడే పారేసేవాళ్ళు. 1954లో హారింగ్టన్ అనే అమెరికన్ ఇలాంటి గొట్టాల రంధ్రాలను డ్రిల్లు బిట్లతో కొలిచాడు. 17వ శతాబ్దం మొదట్లో అంగుళంలో 64వ వంతులు 9 ఉన్న రంధ్రం, 18వ శతాబ్దం చివరికి 4కు సన్నబడిందని తేల్చాడు. విరిగిన పుల్ల దొరికినా కాలం చెప్పొచ్చు.

మన చిలుం దగ్గర ఈ లెక్క సాగదు. మా తాత చేతిలో చూసింది జానెడైనా లేదు. పైన వెడల్పు, కింద సన్నం, నిప్పు జారకుండా లోపలో గులకరాయి. కింది కొసకు తడిగుడ్డ చుట్టి, రెండు చేతుల మధ్య పట్టి గుంజేవాడు. కుమ్మరి దాన్ని సారె మీద తీసి, నీడన ఆరబెట్టి, కుండలతోపాటే ఆవంలో కాల్చేవాడు. చేసినవాడి ముద్ర ఉండదు. పగిలినా తాతకు చింత లేదు: "పోతే పోయింది తియ్, కుమ్మరాయన ఇంకోటి ఇస్తడు." ఈ పొగ ఇక్కడ ఎప్పటిది? 1604 ప్రాంతంలో దూత అసద్ బేగ్ అక్బర్ కొలువుకు పొగాకు తీసుకెళ్ళింది బీజాపూర్ నుంచి. అంటే కృష్ణా తుంగభద్రల నడుమున్న మన నడిగడ్డకు ఎగువన, ఇదే కృష్ణ పరీవాహకం. ఆగ్రా కంటే ముందే మన ఒడ్డున పొగ లేచి ఉంటుందని నా అనుమానం.

ఆ ఒడ్డు ఊళ్ళనే శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఖాళీ చేయించారు. గుళ్ళకు గౌరవం దక్కింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చారు. సోమశిల, జటప్రోలు గుళ్ళూ గట్టెక్కాయి. పొయ్యిలు, పెంకులు, చిలుముల ఊసు ఎవరెత్తుతారు? పోర్ట్ రాయల్ ఒక్కసారే మునిగి బురద కప్పుకుంది. ఇక్కడి ఊళ్ళు ఏటా మునిగి తేలుతున్నాయి. నీళ్ళు ఎక్కి దిగినప్పుడల్లా అలలు ఒడ్డును కోసి, పైమట్టిని కిందిమట్టిలో కలిపేస్తాయి. ముద్రలేని చిలుముకు కాలం చెప్పేది అది పడి ఉన్న పొర, పక్కనున్న పైసా, గాజు ముక్క. పొర చెదిరితే మిగిలేది ఉత్త పెంకే.

కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో సోమశిల వైపు పాత గోడలు బయటపడ్డప్పుడు చిలుం కనిపిస్తే జేబులో వేసుకోకండి. ఉన్నచోటే ఫోటో తీసి, చోటు రాసుకుని వారసత్వ శాఖకు చెప్పండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల చరిత్ర విద్యార్థులకు ఒక్క ఎండాకాలం ఈ పని అప్పగించినా బాగుండు. వరద వచ్చేలోపు చేయగలిగిన పనే.