అమెరికా బొమ్మా, అమెరికా బ్రతుకూ

శ్రీనాథుని పేర ప్రచారంలో వున్న చాటువుల్లో పల్నాటిని వెక్కిరించినవి కొన్ని వున్నవి. వరి అన్నం దొరకదు, జొన్నలే గతి, నీటికి కరువు అన్నది వాటి సారాంశం. ఆనాటికి అది అబద్ధం కాకపోవచ్చు. కాని ఆ చూపు విస్తరి వరకే పోయింది. జొన్న పండించిన చేతుల దాకా పోలేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. తరువాత పల్నాట వరిమళ్లు వచ్చినవి. చాటువు మాత్రం చావలేదు. ఒక దేశాన్ని గురించి గీసిన బొమ్మ ఆ దేశపు జీవితంకంటె ఎంత మొండిదో పల్నాటి పాఠకునికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ పల్నాటి ఇళ్లలోనే ఇప్పుడు అమెరికా బొమ్మ వేలాడుతున్నది. దాన్ని గీసినవారు ముఖ్యంగా సినిమావారు, పత్రికలవారు. మన చిత్రాల్లో పెక్కింటికి అమెరికా అంటే పాట వెనుక తెర: వంతెనలు, మేడలు, కార్లు. అక్కడి మనిషి పనిచేస్తూ కనిపించడు. జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ (1987)లో తెల్లకుర్రవాడు మనిషిగా కనిపిస్తాడు. సంకుచితత్వం మన తెలుగు తండ్రిది. శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’ (2000) వెళ్లాలనే కోరికనే ప్రశ్నించింది. ఇటువంటివి అరుదు.

పత్రికల ధోరణి వేరు. మామూలు రోజుల్లో విదేశీ చదువుల ప్రకటనలు, జీతాల అంకెలు; ఘోరం జరిగిన మర్నాడు అదే దేశం నరకం. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవేలీ విశ్వవిద్యాలయం మూతపడి మన విద్యార్థుల కాళ్లకు నిఘాపట్టీలు తగిలించారు. 2019లో అక్కడి ప్రభుత్వశాఖే ఫార్మింగ్టన్ పేర బూటకపు విశ్వవిద్యాలయం నడిపి 129 మంది భారతీయులను నిర్బంధించింది. కొన్నాళ్లు కన్నీళ్లు కారినవి. మళ్లీ ప్రకటనలు వచ్చినవి.

స్వర్గం, నరకం అనే ఈ రెండు బొమ్మల్లోనూ లేనిది శ్రమ. హెచ్-1బి వీసాదారుకు ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి సాధారణంగా వున్న గడువు 60 రోజులు. ఉద్యోగాలపై ఇచ్చే శాశ్వత నివాసపు కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి దక్కవు గనుక మనవారు ఏళ్లతరబడి కాచుకొని వుంటారు. యజమాని ముందు నోరు మెదపలేని స్థితికి ఇంతకన్న కారణం వెతకాలా? అమెరికా కార్మికుని సంగతీ ఇంతే. అనేక రాష్ట్రాలు తమంతట పెంచుకున్నా, కేంద్రం నిర్ణయించిన కనీసవేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లదగ్గరే ఆగివున్నది. డాలరు లెక్కలు వేసేవారు ఆ కార్మికుని లెక్కలోకి తీసుకోరు.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేత పట్టణంలో ఒక తెల్లవాడు జాతిద్వేషంతో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపాడు. అక్కడే వున్న ఇయన్ గ్రిల్లట్ అనే మరొక తెల్లవాడు నిరాయుధుడుగా అతనికి అడ్డుపోయి తూటా దెబ్బ తిన్నాడు. చంపినవాడూ అమెరికనే, అడ్డుపడినవాడూ అమెరికనే. బొమ్మలో ఈ ఇద్దరికీ కలిపి చోటులేదు, జీవితంలో వున్నది.

బొమ్మ ఇలా వుండటం యాదృచ్ఛికం కాదు. స్వర్గం చూపితే ప్రకటనలు వస్తవి, నరకం చూపితే పత్రికలు అమ్ముడవుతవి. ఈ రెంటికీ మూల్యం చెల్లించేది బిడ్డ చదువుకోసం పొలం తాకట్టుపెట్టిన మిరప రైతు. అతనికి కావలసింది అమెరికాపై మోజూ కాదు, ద్వేషమూ కాదు. అక్కడి అద్దె ఎంత, పని గంటలు ఎన్ని, పని పోతే గతి ఏమిటి అన్న వివరం. ఆ వివరాన్ని కథగా, నవలగా మలచవలసిన బాధ్యత అభ్యుదయ రచయితలది. విమర్శకుడు కూడా విదేశాన్ని చూపే ప్రతి రచననూ ముందుగా ఒక ప్రశ్న అడగాలి: ఇందులో పనిచేస్తున్నది ఎవరు, ఎవరికోసం?